ఐడీ నంబరు ఇవ్వని దాతల విరాళాలను ఫారం 10బీడీలో (ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే విరాళాల వివరాల పట్టికలో) ఎలా చూపిస్తున్నారు?

అనంతపురం జిల్లాలో చిన్న స్వచ్ఛంద సంస్థలకు లెక్కలు, రిటర్నుల పనిలో సాయపడే సంస్థ మాది. అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి.

80జీ (దాతకు పన్ను మినహాయింపు దక్కేలా చేసే అనుమతి) ఉన్న సంస్థ 2024-25 ఆర్థిక సంవత్సరపు విరాళాలకు 2025 మే 31లోగా ఫారం 10బీడీ వేయాల్సి ఉండింది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఆ ఫారం ఎక్కితేనే దాతకు పన్ను మినహాయింపుకు చూపించే 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు విరాళమంటే రెండొందలో, ఐదొందలో, అదీ నగదు. రసీదు మీద పేరు, ఊరు; కార్బన్ కాపీలో అవీ సగం కనబడవు. పాన్ అడిగితే "ఐదునూర్లకు ఇన్ని కాగితాలా సామీ" అంటారు. పాన్ లేకుంటే ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు నంబరు చాలు, కానీ వసూలు చేసే కుర్రాళ్లు అడగరు. పేరూ చిరునామా రాసుకోకపోతే అనామక విరాళమవుతుంది. లక్ష రూపాయలు, మొత్తం విరాళాల్లో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది దాటిన భాగానికి 30 శాతం పన్ను. చిన్న సంస్థలు అంతదాకా రావు, ఆ భయం తక్కువే.

సర్టిఫికెట్ వద్దన్న దాతలను 10బీడీలో వదిలేస్తున్నారా? ఫోన్‌పేలో వచ్చినవాటికి బ్యాంకు స్టేట్‌మెంటులో పొట్టి పేరే ఉంటుంది. వాటిని రసీదులతో ఎలా సరిచూస్తున్నారు? ఐడీ నంబరుకు గడి ఉన్న రసీదు పుస్తకం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి.