కరెంటు మోటారు ఎక్కించిన ఎంజీబీని క్లబ్ షోలో పోటీకి రానివ్వాలా?

ఫ్రీమాంట్_రావు

అందరికీ నమస్కారం. మా బే ఏరియా బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల క్లబ్‌లో ఒక పంచాయితీ నడుస్తోంది. కమిటీలో డ్రైవ్‌లు చూసుకునేది నేనే కాబట్టి వచ్చే మీటింగ్‌లో ఏదో ఒక మాట చెప్పక తప్పదు. క్లబ్ గ్రూపులో అడిగితే అది ఎటు పోతుందో తెలుసు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా సభ్యుల్లో ఒక పెద్దాయనకు 1977 ఎంజీబీ (బ్రిటన్ ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు) ఉంది, నల్ల రబ్బరు బంపర్ల మోడల్. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ టెస్ట్ అక్కర్లేదు. 1976 నుంచి మాత్రం రెండేళ్లకోసారి పాసవ్వాల్సిందే. పొగ కొలతలు బాగుంటే చాలదు. ఫ్యాక్టరీ బిగించిన ఎయిర్ పంపు, దాని గొట్టాలు, కెటలిటిక్ కన్వర్టర్ అన్నీ ఉన్నాయా అని బోనెట్ ఎత్తి మరీ చూస్తారు. ఈయన బండి కొనేసరికే వాటిలో సగం లేవు. కొత్తవి దొరకవు, పాతవి దొరికినా పనిచేయవు. చివరికి విసిగిపోయి ఇంజిన్ దించేసి మోటారు, బ్యాటరీలు ఎక్కించారు. గేర్‌బాక్స్ పాతదే. బాడీలో ఎక్కడా కొత్తగా కోత పెట్టలేదు. పని శుభ్రంగా ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు.

ఇప్పుడు ఆయన నెలనెలా జరిగే డ్రైవ్‌లకు వస్తానంటున్నారు. షోలో ఎంజీబీ క్లాసులో పోటీకి కూడా పేరిచ్చారు. కమిటీలో సగం మంది ఇటు, సగం మంది అటు. మీరేమంటారు?

పాత_బండి

రావు గారూ, ఇందులో తలబాదుకునేదేముంది? వద్దు.

నేను కూడా మా ఊళ్లో ఇలాంటి క్లబ్‌లో జడ్జింగ్ చేస్తుంటాను. చేతిలో కాగితం ఉంటుంది: బాడీకి ఇన్ని, లోపల సీట్లకు, డ్యాష్‌బోర్డుకు ఇన్ని, ఇంజిన్ బేకి ఇన్ని మార్కులు. హోస్ క్లాంప్ ఆ ఏడాది రకం కాకపోతే మార్కు కోస్తాం. రేడియేటర్ మూత తప్పుగా ఉంటే కోస్తాం. ఇంజినే లేని బండికి ఇంజిన్ బే మార్కులు ఎలా వేస్తారు? బోనెట్ ఎత్తితే ఒక అల్యూమినియం పెట్టె, దాంట్లోంచి నారింజ రంగు కేబుళ్లు. దాన్ని పక్కనున్న 1967 బండితో ఎలా పోలుస్తారు?

ఇంకో మాట. క్లబ్ అంటే షో ఒక్కటే కాదు. శీతాకాలంలో ఎవరో ఒకరి గ్యారేజీలో టెక్ సెషన్ పెడతాం. రెండు ఎస్‌యూ కార్బురేటర్లను సమానం చేయడం అక్కడే నేర్చుకున్నాను. సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ నోట్లో పెట్టి, ముందుదాని బుస, వెనకదాని బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూ తిప్పుతూ కూర్చోవాలి. పిస్టన్ ఎత్తి వదిలితే టక్‌మని కింద పడాలి, పడకపోతే లోపల మురికి ఉన్నట్టు. మోటారు పెట్టుకున్నాయన ఆ సెషన్‌కు వచ్చి ఏం చేస్తాడు? కాఫీ తాగి పోతాడు.

సన్నీవేల్_ఈవీ

పాత_బండి అన్నా, మీ మార్కుల కాగితం గురించి చెప్పింది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

ఇంజిన్ మార్చడం ఈ బండ్లకు కొత్తా? సన్‌బీమ్ టైగర్‌లో ఉన్నది ఫోర్డ్ వీ8. ఎంజీబీ జీటీలో 1973లో ఫ్యాక్టరీయే రోవర్ వీ8 పెట్టి అమ్మింది, ఆ రోవర్ వీ8 పుట్టింది అమెరికాలో, బ్యూక్ వాళ్ల దగ్గర. సాదా ఎంజీబీ ఇంజిన్ మాత్రం ఏమన్నా రేసుల కోసం పుట్టిందా? 1798 సీసీ బీ-సిరీస్, ఆఫీసుకెళ్లే గుమాస్తాల ఫ్యామిలీ కార్లకు చేసినదాన్నే కొంచెం సానపట్టారు.

పైగా మీరంతా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నవాళ్లే. అయిదు గేర్ల బాక్స్ వేసుకున్నవాళ్లు ఉన్నారు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీలు కొత్తగా చేసి అమ్ముతున్నారు. ఆ కొత్త బాడీలోకి పాత నంబరు ప్లేటు తెచ్చి బిగిస్తే అది ‘అసలు’ బండి, మార్కులు పడతాయి. పాత బాడీలో కొత్త మోటారు పెడితే బయటికి గెంటేస్తారు. ఇదేం లెక్క?

రబ్బరు బంపర్ల సంగతి కూడా చెప్పాలి. అమెరికా రూల్స్ కోసం ఫ్యాక్టరీయే ఈ మోడల్‌ను అంగుళానికి పైగా ఎత్తు పెంచింది, రెండు ఎస్‌యూలు తీసేసి ఒకే స్ట్రాంబర్గ్ కార్బురేటర్ పెట్టింది. హార్స్‌పవర్ ఎక్కడికో పడిపోయింది. రూల్స్‌కు తలవంచి బండిని మార్చడం ఎంజీ ఫ్యాక్టరీ ఉన్న అబింగ్డన్‌లోనే మొదలైంది. పెద్దాయన దాన్ని కొనసాగించారంతే.

పాత_బండి

ఫ్యాక్టరీ చేస్తే అది బండి చరిత్ర. గ్యారేజీలో చేస్తే అది ఓనరు ఇష్టం. రెంటికీ చాలా తేడా ఉంది తమ్ముడూ. హెరిటేజ్ బాడీల మీద నాకూ అసంతృప్తి ఉంది, అది వేరే థ్రెడ్‌లో తిట్టుకుందాం.

బెజవాడ_అంబీ

నేను విజయవాడ నుంచి. మాది ఆటోనగర్‌లో షెడ్డు, నాన్న హయాం నుంచీ ఉంది. ఎంజీబీ నేను ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ ఆ బీ-సిరీస్ మాట వినగానే ఆగలేకపోయాను. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజిన్ ఆ కుటుంబమే. 1955లో వచ్చిన ఎంజీఏకి (ఎంజీబీకి ముందు మోడల్) కూడా అదే 1489. అంటే మీరు కాలిఫోర్నియాలో కాటన్ గుడ్డతో తుడుచుకునే ఇంజిన్‌కి ఇక్కడ మా నాన్న వందలసార్లు టాపెట్లు సర్దాడు, గ్రైండింగ్ పేస్ట్ రాసి వాల్వులు రుద్దాడు.

మరి ఆ అంబాసిడర్లకి ఏమైందో తెలుసా? పెట్రోలు రేటు పెరిగాక టాక్సీవాళ్లు వరసపెట్టి డీజిల్ ఇంజిన్లు వేయించుకున్నారు. మా షెడ్డులోనే ఎన్నో మార్చాం. దించిన పెట్రోలు ఇంజిన్లు తూకానికి పోయాయి. ఇవాళ ఒరిజినల్ పెట్రోలు ఇంజిన్‌తో పాత మార్క్ 2 కావాలని హైదరాబాద్ నుంచి ఫోన్లు చేస్తారు, ఎక్కడ్నుంచి తేవాలి?

ఇంకోటి, మన దేశంలో 2021లో వింటేజ్ బండ్లకు కొత్త రూల్స్ వచ్చాయి. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటేనే ఆ ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. ఆ లెక్కన పెద్దాయన బండికి ఇక్కడ నంబరే రాదు. రూల్ మంచిదా చెడ్డదా నేను చెప్పను. ఇంజిన్ దించడం ఒక పూట పని, తర్వాత వెతుక్కోవడం ఏళ్ల పని. ఆ మాట మాత్రం చెబుతాను.

కవెంట్రీ_సుజాత

నమస్తే రావు గారూ. నేను ఉండేది ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో, మా ఆసుపత్రి నుంచి ఒకప్పుడు ట్రయంఫ్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న కాన్లీ ఎంతో దూరం లేదు. నాది స్పిట్‌ఫైర్. (అంబీ గారూ, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఛాసిసే నా బండికీ ఆధారం. మా తాతగారికి హెరాల్డ్ ఉండేది, అందుకే ఈ పిచ్చి.)

ఈ ప్రశ్న మీద ఫీవా, అంటే పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య, 2019లోనే తన మాట చెప్పింది. పాత బండిలోంచి అసలు ఇంజిన్ తీసి ఆధునిక మోటారు, బ్యాటరీ పెట్టడాన్ని తాము ప్రోత్సహించలేమంది. అలాంటి బండి వాళ్ల నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనం కాదు. అయితే పెట్టుకుంటే నేరమనలేదు. మళ్లీ వెనక్కి మార్చుకునేలా చేయండి, తీసిన భాగాలన్నీ దాచి ఉంచండి అంది. 2018 మేలో ప్రిన్స్ హ్యారీ పెళ్లిలో కనిపించిన కరెంటు ఈ-టైప్ గుర్తుందా? దాన్ని చేసింది జాగ్వార్ సంస్థే. పాత ఇంజిన్ బరువు, కొలతలకు దగ్గరగా మోటారు పెట్టి, కావాలంటే తిరిగి పెట్రోలుకు మార్చుకోవచ్చన్నారు.

కాబట్టి నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఆయన ఇంజిన్ ఎక్కడుంది?

మా దగ్గర ఈ గొడవ ఇంత వేడిగా లేదు, కారణం మాకు ఆ టెన్షన్ లేకపోవడమే. 40 ఏళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష 2018 నుంచి తప్పనిసరి కాదు, పొగ ఎక్కువ వదిలే బండ్లకు లండన్‌లో వేసే ఉలెజ్ ఛార్జీ కూడా పడదు. మా బాధంతా 2021లో వచ్చిన ఇ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. మార్చుకుంటాం, నడుపుకుంటాం. మీ రాష్ట్రం రూలు ఒక మనిషిని ఆ మూలకు నెట్టింది. దానికి ఆయన్ని క్లబ్బు శిక్షించడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

పాత_బండి

సుజాత గారూ, శిక్ష అనకండి. క్లాసు మార్చమంటున్నాను. పక్కన నిలబెట్టుకోమనండి, జనం చూస్తారు, ఫోటోలు దిగుతారు.

రూలు మారే దారి కూడా క్లబ్బులు వెతకాలి. 35 ఏళ్లు దాటిన పాత కార్లకు స్మాగ్ మినహాయింపు ఇవ్వాలని టీవీ హాస్యనటుడు, పాత కార్ల ప్రేమికుడు జే లెనో వెనకుండి నడిపించిన బిల్లు 2025లో అసెంబ్లీ కమిటీలోనే ఆగిపోయింది. మన క్లబ్బుల నుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్లాయో నాకు అనుమానమే. షోలకు టీ-షర్టులు అచ్చు వేయించడంలో ఉన్న ఉత్సాహం అక్కడ లేదు.

ఫ్రీమాంట్_రావు

సుజాత గారూ, ఇంజిన్ ఆయన గ్యారేజీలోనే స్టాండ్ మీద ఉంది. అయితే అమ్మకానికి పెట్టారు. దాని సంగతి మళ్లీ చెబుతాను.

డ్రైవ్ గురించి మాత్రం ఒకటి చెప్పాలి. ఈ మధ్య మౌంట్ హామిల్టన్ వెళ్లాం. సాన్ హోసే నుంచి పైన లిక్ అబ్జర్వేటరీ దాకా ఇరవై మైళ్లకు కాస్త తక్కువ, మొత్తం 365 వంపులని అందరూ చెప్పుకుంటారు. పైన 4,200 అడుగులు. ఆ ఎత్తులో గాలి పలచబడి మా ఎస్‌యూలన్నీ రిచ్‌గా (గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువై) నడుస్తాయి, వెనకున్నవాడికి పెట్రోలు వాసన తప్ప కొండ గాలి తెలియదు. పెద్దాయన జాబితాలో లేకపోయినా తన బండిలో అందరికంటే వెనక వచ్చారు.

సగం దారిలో ఒకతని 1970 ఎంజీబీ ఆగిపోయింది. కొత్త కుర్రాడు, బోనెట్ ఎత్తి స్పార్క్ ప్లగ్ వైర్లు లాగుతున్నాడు. పెద్దాయన దిగి ‘కీ ఆన్ చెయ్యి’ అన్నారు. వెనక నుంచి పెట్రోలు పంపు టిక్ టిక్ వినపడటం లేదు. వైర్ వీల్ నట్టు కొట్టే సీసపు సుత్తి తీసుకుని, కుడి వెనక చక్రం ముందు కిందికి దూరి, పంపు మీద ఒక్కటిచ్చారు. లోపల అంటుకున్న పాయింట్లు విడిపోయి టకటకా మొదలైంది. మోటారు బండిలో వచ్చినాయన టెక్ సెషన్‌లో కాఫీ తాగి పోతాడన్నారు కదా, పాత_బండి గారూ. మాలో చాలామందికి ఎస్‌యూలు ట్యూన్ చేయడం నేర్పింది ఆయనే.

దిగేటప్పుడు ఆయన బ్యాటరీ కొంత నిండింది, మాకు బ్రేకులు కాలిన వాసన మిగిలింది.

నా భయం వేరే ఉంది: నిప్పు. మా వెనక నడిచే సహాయ బండిలో ఉండేది మామూలు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. లిథియం బ్యాటరీ అంటుకుంటే అది ఎందుకూ పనికిరాదని అంటున్నారు.

సన్నీవేల్_ఈవీ

ఈ భయం న్యాయమైనది రావు గారూ. నా ఉద్యోగం బ్యాటరీల్లోనే కాబట్టి చెబుతున్నాను. ఒకసారి సెల్స్ లోపల మంట మొదలైతే పౌడర్‌తో ఆగదు, చాలా నీళ్లు కావాలి, ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకోవచ్చు. అందుకని చేయాల్సింది ముందే చేయాలి. హై వోల్టేజ్ కటాఫ్ స్విచ్ బయటి నుంచి అందేలా ఉండాలి, దాని మీద గుర్తు ఉండాలి. బ్యాటరీ ప్యాక్ ఎక్కడుందో చూపించే బొమ్మ విండ్‌షీల్డ్ లోపల పెట్టాలి. షో మైదానంలో ఆ బండిని అంచున, పక్కన ఖాళీతో పార్క్ చేయించండి. మీ ఈవెంట్ ఇన్సూరెన్స్ కంపెనీకి ముందుగా రాసి, జవాబు రాతలో తెచ్చుకోండి. వాళ్లు కాదంటే మన చర్చంతా వృథా.

అలాగే ఒక ముక్క: సీటు వెనక ఓవర్‌ఫ్లో అయ్యే పాత బ్యాటరీలు, కార్బురేటర్ కింద వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కారే పెట్రోలు, వీటితో మనం ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతున్నాం. నిప్పు భయం ఒక్క బండికే రాయకండి.

బెజవాడ_అంబీ

అది నిజం. అంబాసిడర్ల ఇంజిన్ మంటలు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు.

ఫ్రీమాంట్_రావు

సరే, నేను మీటింగ్‌లో పెట్టబోయేది ఇది. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే డ్రైవ్‌లకు, టెక్ సెషన్లకు, స్వాప్ మీట్‌కు (పాత విడిభాగాల సంతకు) ఆయనకు ఏ అడ్డూ లేదు. షోలో ఎంజీబీల వరసలోనే నిలబడుతుంది, జనం ఓటేసే బహుమతికి అర్హత ఉంటుంది. జడ్జీలు మార్కులు వేసే క్లాసులో ఉండదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వగైరాలకు ఇప్పుడున్న వెసులుబాటు అలాగే ఉంటుంది. కానీ హెరిటేజ్ బాడీ ఉన్న బండ్లు ఇక నుంచి ఆ విషయం కార్డు మీద రాసి పెట్టాలి. సన్నీవేల్ గారు ఎత్తిన ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పాత_బండి

కార్డు మీద రాయడం బాగుంది. మా క్లబ్‌లోనూ పెడతాను, తిట్లు తినడానికి సిద్ధపడి.

ఆ ఇంజిన్ మాత్రం అమ్మనివ్వకండి. నంబరు కలిసే ఇంజిన్ ఆ బండితోనే ఉండాలి. ఆయనకు డబ్బు కావాలంటే క్లబ్బే కొని, టెక్ సెషన్లలో కొత్తవాళ్లు విప్పి బిగించడానికి వాడుకోండి. బండి ఎప్పుడు చేతులు మారినా ఇంజిన్ దానితోపాటే వెళ్లాలని ఒక కాగితం రాసుకోండి.

సన్నీవేల్_ఈవీ

అన్నా, 1977 స్మాగ్ ఇంజిన్‌ను డబ్బిచ్చి కొనేది మీరొక్కరే.

పాత_బండి

నేను ఉండేది ఒరెగన్‌లో, లేకపోతే నేనే కొనేవాణ్ని.

కవెంట్రీ_సుజాత

రావు గారూ, జడ్జింగ్ క్లాసు విషయంలో నేను మీతో లేను. విడిగా ‘మార్చిన బండ్లు’ క్లాసు పెట్టి, వెనక్కి మార్చే వీలు ఉందా లేదా అన్నదానికే మార్కులు వేయొచ్చు కదా? వీ8లు, అయిదు గేర్ల బాక్సులు, మోటార్లు అన్నీ అందులోకే వస్తాయి. ఒక్కాయన కోసం రూల్ రాసినట్టు ఉండదు.

ఫ్రీమాంట్_రావు

అలాంటి క్లాసుకు కనీసం అయిదు బండ్లు రావాలి, మా నియమం అది. వీ8 వాళ్లు ఇద్దరున్నారు, అడిగి చూస్తాను. ఇంజిన్ కొనే సంగతి ఎజెండాలో చేర్చాను. ట్రెజరర్ మొహం ఇప్పుడే కనిపిస్తోంది.