క్యాథలిక్ పెళ్లిపూజలో మా అమ్మకు సత్ప్రసాదం ఇవ్వలేదు. ఇది ఏ వాక్యం ప్రకారం?

గుంటూరు లూథరన్:
అందరికీ వందనాలు. మాది తరతరాలుగా లూథరన్ (ప్రొటెస్టెంట్) కుటుంబం. మా చెల్లిని క్యాథలిక్ అబ్బాయికి ఇచ్చాం. పెళ్లి పోయిన వేసవిలో వాళ్ల ఊరి గుడిలో, పూజతో కలిపి జరిగింది. సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టె) వేళకు అమ్మ కూడా లేచి వరసలో నిలబడింది. ఆవిడ సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం అంటే ముందు రోజే తెల్ల చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంటుంది, పొద్దున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ఆ రోజు పెళ్లి హడావిడిలో కూడా అలాగే ఉంది. ఫాదర్ గారు ఆవిడ ముందు ఆగి, "మీరు క్యాథలిక్కేనా అమ్మా?" అని మెల్లగా అడిగారు. కాదనగానే నుదుటి మీద సిలువ గుర్తు వేసి పక్కకు పంపించేశారు. వియ్యాలవారందరూ చూస్తుండగా. చివరి భోజనంలో గిన్నె ఇస్తూ ప్రభువు "మీరందరు" అన్నాడు గానీ "మీలో క్యాథలిక్కులు" అనలేదు కదా. ఏ అధికారంతో ఆపారో తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిరంగిపురం వాసి:
మీ అమ్మగారికి అలా జరగడం నాకూ బాధగానే ఉందండి. పూజకు ముందే మీ వియ్యాలవారు చెప్పి ఉండాల్సింది. కానీ ఫాదర్ గారు చేసింది తప్పు కాదు. మాకు అది గుర్తు కాదు, జ్ఞాపకం మాత్రమే కాదు. గురువు (ఫాదర్) క్రీస్తు మాటలు పలికాక అక్కడ రొట్టె ఉండదు, ప్రభువే ఉంటాడు. 1215లో మా బిషప్పుల లాతెరాన్ మహాసభ చెప్పింది, 1551లో త్రెంతు మహాసభ మళ్లీ ఖరారు చేసింది. వాక్యం కావాలంటే యోహాను సువార్త 6వ అధ్యాయం చదవండి. తన శరీరం తినాలని యేసు చెప్తే, ఇది కఠినమైన మాట అని శిష్యుల్లో చాలామంది వెళ్లిపోయారు. ఉపమానమే అయితే వెనక్కి పిలిచి ఆ ముక్క చెప్పేవాడు. చెప్పలేదు.

ఇంకొకటి. మేం మావాళ్లను కూడా ఆపుతాం. గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. చావైన పాపంలో (ఆత్మను చంపేంత పెద్ద పాపంలో) ఉంటే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయకుండా సత్ప్రసాదం ముట్టకూడదు. అయోగ్యంగా తినేవాడు ప్రభువు శరీరం విషయంలో అపరాధి అని పౌలు కొరింథీయులకు రాసింది అందుకే.

నరసాపురం విశ్వాసి:
బ్రదర్, అదే ఆరో అధ్యాయం 63వ వచనం వరకూ చదవండి. ఆత్మయే జీవింపజేస్తుంది, శరీరం నిష్ప్రయోజనం అని ప్రభువే అన్నాడు. నేను ద్వారాన్ని అన్నాడు, ద్రాక్షావల్లిని అన్నాడు. ఆయన చెక్క తలుపు అనుకుంటామా? ఆ రాత్రి రొట్టె పట్టుకుని "ఇది నా శరీరం" అన్నప్పుడు ఆయన శరీరం శిష్యుల ఎదుట కూర్చునే ఉంది.

అసలు మీరు పూజను బలి అనడమే హెబ్రీ పత్రికకు విరుద్ధం. పదో అధ్యాయం చూడండి, ఒక్కసారే, అందరి కోసం. రోజూ బలిపీఠం మీద బలి ఎందుకు మళ్లీ?

ఫిరంగిపురం వాసి:
మళ్లీ బలి ఇవ్వడం లేదండి. కల్వరి బలి ఒక్కటే, పూజలో అదే మన ముందుకు వస్తుంది. 1562లో త్రెంతు సభ చెప్పింది ఇదే. మేం అనని మాట మా నోట పెట్టి దానికి జవాబు అడిగితే ఎలా?

గుంటూరు లూథరన్:
నరసాపురం బ్రదర్, నా తరఫున మాట్లాడుతున్నందుకు థాంక్స్. కానీ అది జ్ఞాపకం మాత్రమే అంటే నేనూ ఒప్పుకోను. 1529లో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో మా లూథర్, అది గుర్తు మాత్రమే అన్న స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ కూర్చున్నారు. "ఇది నా శరీరం" అన్న మాటను లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసి, దాని నుంచి ఒక్క అంగుళం కదలలేదు. పదిహేను అంశాల్లో పద్నాలుగు కుదిరాయి, ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు. రొట్టెలో, రొట్టెతో, రొట్టె కింద నిజంగా క్రీస్తు శరీరం ఉందని మా అమ్మ చిన్నప్పుడే కాటెకిజంలో (ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలో) నేర్చుకుంది. ఆవిడ ఆ నమ్మకంతోనే వరసలో నిలబడింది. మరి ఫిరంగిపురం గారి వాదన ఆవిడకెలా వర్తిస్తుంది?

ఫిరంగిపురం వాసి:
అయితే ఒక్కటే అడుగుతాను. ఆరాధన అయ్యాక మిగిలిన రొట్టె ఏం చేస్తారు?

ఊరికే అడగడం లేదు. ఒక స్నేహితుడి సంఘంలో సంస్కారం రోజు నేను వెనక కూర్చున్నాను. ఆరాధన ముగిసింది. ట్రేలో ఇంకా కొన్ని చిన్న గ్లాసులు నిండుగా ఉన్నాయి. ఒకావిడ వాటిని వెనక కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, రసం సింకులో పారబోసి, గ్లాసులు కడిగి బోర్లించింది. బ్రెడ్ ముక్కలు సండే స్కూల్ పిల్లలు పంచుకుని తింటూ ఆడుకున్నారు. మా గుడిలో సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు గడ్డం కింద పళ్లెం పడతారు, పొడి కూడా నేలరాలకూడదని. మిగిలింది మందసంలో (గుడిలో ఉండే చిన్న పెట్టెలో) పెట్టి దీపం వెలిగిస్తారు, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు తీసుకెళ్తారు. ఎవరు ఏం నమ్ముతున్నారో మిగిలినదాన్ని ఎలా చూస్తున్నారన్న దాంట్లో తెలిసిపోతుంది.

మెదక్ సీఎస్‌ఐ:
అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో అయ్యగారు, పెద్దలు మిగిలింది అక్కడే భుజిస్తారు. 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘం) ప్రార్థన గ్రంథంలోనే ఆ నియమం ఉంది.

ఫిరంగిపురం వాసి:
సంతోషం. లూథరన్ గారు ఇంకా చెప్పలేదు.

గుంటూరు లూథరన్:
మా సంఘంలోనూ అయ్యగారే ముగిస్తారు. అన్ని సంఘాల్లో ఒకేలా ఉండదు, నిజమే. కానీ ఎవరో సింకులో పారబోసిన దానికి మా అమ్మను ఎందుకు ఆపారండీ?

నరసాపురం విశ్వాసి:
నేను సూటిగా చెప్తాను. మా సహవాసంలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం. ఒక సహోదరి ఇంట్లో కాల్చి తెస్తుంది. మిగిలింది రొట్టే, ఆవిడే ఇంటికి తీసుకెళ్తుంది. మా ప్రభువు పరలోకంలో తండ్రి కుడి పక్కన ఉన్నాడు, డబ్బాలో లేడు. పిండి ముందు మోకరించడాన్ని వాక్యం విగ్రహారాధన అంటుంది.

ఫిరంగిపురం వాసి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మా నాన్న ఆఖరి రోజుల్లో నోట మాట రాని స్థితిలో కూడా ఫాదర్ గారు సత్ప్రసాదం తెస్తే చేతులు జోడించాడు. మీ ఉద్దేశంలో ఆయన విగ్రహం ముందు చచ్చిపోయాడా?

చదువరి:
కాస్త తగ్గండి ఇద్దరూ.

నరసాపురం విశ్వాసి:
మీ నాన్నగారి మీద నాకు గౌరవమే బ్రదర్. కానీ ప్రేమ ఉంది కాబట్టే నిజం చెప్పాలి. సత్ప్రసాదం, పాపసంకీర్తనం, జపమాల, ఇన్ని చేసినా ఈ రాత్రి ప్రాణం పోతే ఎక్కడికి వెళ్తారో మీకు నిశ్చయత ఉందా? ఎఫెసీ 2:8 కృపచేతనే అంటోంది. క్రియల వల్ల కాదు.

ఫిరంగిపురం వాసి:
పదో వచనం కూడా చదవండి, సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని ఉంది. యాకోబు 2:24లో విశ్వాసం మాత్రమే చాలదని స్పష్టంగా ఉంది. 1547లో త్రెంతు సభ కూడా కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చన్నవాణ్ని శపించింది. ఆ సంగతి మీ ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. పైగా వాక్యం వాక్యం అంటారు. కొత్త నిబంధనలో ఇరవై ఏడు పుస్తకాలే ఉండాలని ఏ వచనంలో ఉంది? ఆ జాబితా సంఘం ఇచ్చింది. 397 కార్తేజ్ సభ చూడండి.

నరసాపురం విశ్వాసి:
సంఘం గుర్తించింది, పుట్టించలేదు. బెరయ ఊరివారు పౌలు చెప్పిందాన్నే లేఖనాలతో సరిచూశారు. పౌలుకే తప్పని పరీక్ష పోపుకు ఎందుకు లేదు?

గుంటూరు లూథరన్:
రక్షణ విషయంలో ఇంత దూరం లేదండి. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో రోమ్ (క్యాథలిక్ సంఘం), లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. మన పుణ్యం చూసి కాదు, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో, కృపచేత దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. మెథడిస్టులు 2006లో చేరారు, తర్వాత రిఫార్మ్‌డ్ (సంస్కరణ) సంఘాలవాళ్లు కూడా. అక్కడ పెద్దలు దిగివచ్చిన విషయం మీద ఇక్కడ మనం కొట్టుకుంటున్నాం.

నరసాపురం విశ్వాసి:
పెద్దలు సంతకం పెడితే వాక్యం మారదు.

కోడలు:
ఇన్ని రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. ఇక ఉండలేక రాస్తున్నాను. నేను పుట్టుకతో క్యాథలిక్‌ని. ఒక స్వతంత్ర సంఘం ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటి నెల ప్రభు బల్ల రోజున ట్రే నా దగ్గరకు రాగానే పాస్టర్ గారి భార్య చెయ్యి అడ్డం పెట్టింది. నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంటేనే అన్నారు. నాకు చంటిపిల్లప్పుడే జ్ఞానస్నానం అయిందని చెప్పాను. "అది తడవడం, బాప్తిస్మం కాదు" అన్నారు. ఆ మాట మా అమ్మకు తెలిసి ఎంత ఏడ్చిందో! కాబట్టి లూథరన్ అన్నయ్యా, మీ అమ్మగారి బాధ నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఆపేది క్యాథలిక్కులు మాత్రమే అనుకోకండి. మా ఫాదర్ గారు కనీసం మీ అమ్మను అక్రైస్తవురాలు అనలేదు.

గుంటూరు లూథరన్:
చెల్లెమ్మా, ఇది నాకు తట్టనే లేదు. నరసాపురం బ్రదర్, సూటిగా అడుగుతున్నాను. నేను కూడా చంటిపిల్లవాడిగా బాప్తిస్మం పొందినవాణ్నే. నెత్తి మీద నీళ్లు పోశారు. మా అమ్మా అంతే. మీ సహవాసానికి వస్తే మాకు రొట్టె ఇస్తారా?

నరసాపురం విశ్వాసి:
బయటి ఊరి విశ్వాసి అయినా వాళ్ల సహవాసం నుంచి సిఫారసు పత్రిక తెస్తేనే బల్లలో చేర్చుకుంటాం. ఇక మీ విషయం. మారుమనస్సు పొంది, విశ్వసించి తీసుకున్నదే బాప్తిస్మం. పసివాడు విశ్వసించలేడు. కాబట్టి ఇవ్వం బ్రదర్. మీరంటే ఇష్టం లేక కాదు.

గుంటూరు లూథరన్:
అంటే ఇన్ని రోజులూ నా పక్షాన వాదించిన మీరు నన్ను బాప్తిస్మమే లేనివాడిగా చూస్తున్నారు.

ఫిరంగిపురం వాసి:
మా దగ్గర మీ బాప్తిస్మం చెల్లుతుందండి. తండ్రి, కుమార, పవిత్రాత్మ నామాన నీళ్లతో ఇచ్చింది ఎవరు ఇచ్చినా మేం మళ్లీ ఇవ్వం. రేపు మీరు క్యాథలిక్ అయినా ఇవ్వం.

గుంటూరు లూథరన్:
అక్కడే నా బాధంతా. ఆయన లెక్కలో నా బాప్తిస్మం చెల్లదు కాబట్టి రొట్టె లేదంటున్నాడు. నచ్చకపోయినా ఆ మాటలో ఒక పద్ధతుంది. మీ లెక్కలో నేను క్రీస్తులో బాప్తిస్మం పొందినవాణ్ని, మీకు సోదరుణ్ని. చెల్లి పెళ్లి మీ గుడిలోనే చెల్లింది. పిల్లలకు మీ దగ్గరే జ్ఞానస్నానం ఇప్పించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని మా బావ మాట ఇచ్చాడు. 1970 వరకు మా చెల్లి కూడా ఆ మాట ఇవ్వాల్సి వచ్చేదట, ఇప్పుడు బావ ఇచ్చిన మాట సంగతి ఆమెకు తెలియజేస్తే చాలట. అన్నీ చెల్లాయి. బల్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పరాయివాళ్లమా?

ఫిరంగిపురం వాసి:
ఇదే అసలు ప్రశ్న, దాటవేయను. సత్ప్రసాదం తీసుకోవడమంటే ఆ గురువుతో, ఆయన పీఠాధిపతితో, రోమ్ పోపుతో ఒకే సంఘంగా ఉన్నానని ఒప్పుకోవడం కూడా. "ఆమెన్" అనేది దానికీ కలిపే. మీ సంఘాల్లో గురుపట్టాభిషేకంలో లోపం ఉందని రెండో వాటికన్ సభ 1964లో చెప్పింది. మేం ఒకే సంఘం కాదన్నది నిజమైనప్పుడు, అయినట్టు ఒకే పళ్లెంలో తినడం అబద్ధమవుతుంది. ప్రాణాపాయంలాంటి అవసరం వస్తే షరతులతో ఇవ్వవచ్చని మా చట్టంలో 844వ నియమం ఉంది. పెళ్లి అలాంటి అవసరం కాదు.

మెదక్ సీఎస్‌ఐ:
2015 నవంబర్‌లో రోమ్ లూథరన్ గుడిలో పోప్ ఫ్రాన్సిస్‌ను ఒకావిడ ఇదే అడిగింది, తన భర్త క్యాథలిక్ అని. ప్రభువుతో మాట్లాడుకుని ముందుకు వెళ్లండి, అంతకు మించి చెప్పే ధైర్యం నాకు లేదు అన్నారాయన.

ఫిరంగిపురం వాసి:
అది ఆ కుటుంబానికి చెప్పిన మాట, నియమం మార్చలేదు.

గుంటూరు లూథరన్:
పోప్‌కే ధైర్యం చాలని చోట ఆ ఫాదర్ గారు రెండు క్షణాల్లో తీర్పు చెప్పేశారు. ఆ బల్ల ప్రభువుది అని నేను, సంఘానికి అప్పగించాడు అని మీరు. యోహాను 6 గురించి ఎన్ని పోస్టులు రాసినా మనకు తేడా వచ్చింది ఇక్కడండీ.

ఫిరంగిపురం వాసి:
అవును, ఇక్కడే. అప్పగించాడనే నా విశ్వాసం.

కోడలు:
చెల్లి వాళ్ల బాబుకు జ్ఞానస్నానం ఎప్పుడన్నయ్యా? అమ్మగారు వస్తున్నారా?

గుంటూరు లూథరన్:
వచ్చే నెల. వస్తానంది. వరసలో మాత్రం నిలబడదట.