ఏఐ ఇచ్చిన కమాండ్ లైవ్ సర్వర్ మీద కొట్టనియ్యాల్నా, వద్దా?

కాజీపేట_జంక్షన్:
హన్మకొండల చిన్న ఆఫీసు మాది, సర్వర్లు నేనే చూస్త. కొత్త పిల్లలు ఏఐ ఏది రాసిస్తే అది లైవ్‌ల, అంటే జనం వాడుతున్న సర్వర్ మీదనే కొడుతున్నరు. మొన్న డిస్కు నిండితే ఒక తమ్ముడు పాత లాగులు (సర్వర్ ఏం చేసిందో రాసుకునే ఫైళ్లు) తీసే కమాండ్ అడిగిండు. ఫైళ్లు ఎతికే ఫైండ్ కమాండే ఇచ్చింది గని, ‘డిలీట్’ ముందు వెట్టింది, ‘ఏడు దినాలకంటె పాతయి’ అనే షరతు ఎనుక వెట్టింది. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంట పోతది. షరతు దాకా వచ్చేసరికి ఫోల్డర్ మొత్తం ఊడ్చుకపోయేది. నేను పక్కన కూసున్న గాబట్టి ఆగింది. ఇగ లైవ్ సర్వర్ల మీద ఏఐ కమాండ్లు బంద్ వెడదామనుకుంటున్న. మీరేమంటరు?

నయీంనగర్_కోడర్:
బంద్ ఏందన్నా? కోడర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు నుంచి మనం కాపీ కొట్టలేదా? నిన్న పెర్ల్ అనే కోడింగ్ భాషల ఉన్న ఒక పాత స్క్రిప్టు ఏఐకి ఇచ్చిన. రాసినాయన ఎప్పుడో మానేసి పోయిండు. లైను లైను విప్పి చెప్పింది, రెండు దినాల పని గంటల అయింది.

కాజీపేట_జంక్షన్:
స్టాక్ ఓవర్‌ఫ్లోల తప్పు జవాబు రాస్తే కింద నలుగురు తిట్టెటోళ్లు. ఏఐ జవాబు నీ ఒక్కనికే కనవడుతది, తిట్టెటోడెవడు? 2022 డిసెంబర్‌ల ఆ సైటే చాట్‌జీపీటీ జవాబులు వద్దన్నది. చూస్తే కరెక్టే అనిపిస్తయి, లోపల తప్పులుంటయని.

సుబేదారి_లీడ్:
నయీంనగర్ తమ్మీ, గడియారం చూసినవా, అనిపించిందా? 2025ల మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లకు 246 పనులిచ్చి చూసింది. ఏఐతోని 19 శాతం టైం ఎక్కువ వట్టింది. వాళ్లేమో 20 శాతం తగ్గిందనుకున్నరు!

నయీంనగర్_కోడర్:
వాళ్లు ఏండ్ల సంది సొంతంగ చూసుకుంటున్న కోడ్ అక్కా అది. నాకు పెర్ల్ అసలే రాదు. రెండింటికి పోలికేంది?

సుబేదారి_లీడ్:
సరే, గది ఒప్పుకుంట.

కరీంనగర్_నైట్‌షిఫ్ట్:
రాత్రి రెండింటికి అలారం మోగితే మాకు అడుగుదామన్నా మనిషి ఉండడు. ఒకసారి నాలుగు జీబీల లాగు తీసేసినా జాగ ఖాళీ కాలే. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఆ ఫైలును ఇంకా తెరిచే వట్టుకున్నదని, అది విడిస్తెనే జాగ వస్తదని ఏఐనే చెప్పింది. ట్రైనింగుల ఒక్కలు చెప్పలే. మీరు బంద్ వెడితే సొంత ఫోన్ల అడుగుతం. అప్పుడు పాస్‌వర్డులున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు గూడ ఆ ఫోన్ల ఏఐలకే పోతయి, మీకు తెల్వను గూడ తెల్వది.

కాజీపేట_జంక్షన్:
పాస్‌వర్డుల సంగతి నాకు తట్టలే. సరే, బంద్ మాట పక్కకు వెడుత. ‘డిలీట్’ తీసి ‘ప్రింట్’ వెట్టి ముందు నడపాలె, వచ్చిన లిస్టు నాకు పంపాలె. నేను చూసినంకనే అసలుది కొట్టాలె. రాత్రయినా సరే.

కరీంనగర్_నైట్‌షిఫ్ట్:
రెండింటికి ఫోన్ ఎత్తుతవా అన్నా?