అప్‌డేట్: మియాటానా, సీఆర్‌-వీనా? తేలిపోయింది

రెండు సీట్ల, పైకప్పు మడిచే మొదటి తరం మాజ్డా మియాటా కొననా, కుటుంబానికి సరిపోయే ఎస్‌యూవీ మొదటి తరం హోండా సీఆర్‌-వీ కొననా అని అడిగాను కదా, సీఆర్‌-వీ తీసుకున్నాను. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల బండేంటని చాలామంది అన్నారు. ఆ మాటకు తలొగ్గేవాణ్ని కాదు గానీ, తుప్పు తేల్చేసింది.

మియాటా టాప్ వెనక మూలల్లో వాననీళ్లు పోయే రంధ్రాలుంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి పూడుకుపోతే, నీళ్లు తలుపుల కింద బోలుగా ఉండే సిల్స్‌లో చేరి లోపల్నుంచి తినేస్తాయి. నేను చూసిన బండికి పెయింట్ అద్దంలా మెరుస్తోంది. వెనక చక్రం ముందు వేలితో నొక్కితే రేకు పెళుసుగా లోపలికి పోయింది. వెల్డింగ్ తప్ప మందులేదు. నడిపితే మాత్రం... వెయ్యి కిలోలకు అటూఇటూ బరువు, వెనక చక్రాల డ్రైవ్, ఆ గేరు పడే తీరు! మనసు ఇప్పటికీ అటే లాగుతోంది.

సీఆర్‌-వీ స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా మలిపితే వెనక నుంచి మూలుగు వచ్చింది. డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) ఆయిల్ పాతబడితే ఈ మోడల్‌కి మామూలే. దీనికి ప్రత్యేకంగా చెప్పిన డ్యూయల్ పంప్ ఆయిల్ పోయించాక తగ్గింది. ఇంజిన్ వాల్వులు వేళకు తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టూ వేయించాను. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి, మియాటా 1.6 లీటర్ ఇంజిన్‌లో ఆ బెడద లేదు. టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నా పక్కన 2313 అని ఉంది, అంటే 2013లో 23వ వారం. అంత పాతవని నాలుగూ మార్చేశాను.

డిక్కీ అడుగు పలక తీసి కాళ్లు విప్పితే పిక్నిక్ టేబుల్ అవుతుంది. పిల్లలకు బండికంటే అదే నచ్చింది. తర్వాతి పని రేడియేటర్ గొట్టాలు.