క్రూడ్ (ముడి చమురు) తగ్గినా పెట్రోల్ పంపులో రేటు తగ్గదేంటి? ఇదేం న్యాయం?

బండోడు77:
క్రూడ్ పెరిగిందని న్యూస్ రావడం ఆలస్యం పంపులో రేటు పెరిగిపోద్ది. అదే క్రూడ్ పడిపోతే మాత్రం పాత స్టాక్ అండీ, ఎక్కువ రేటుకి కొన్నాం అంటారు. మరి పెంచిన రోజు ట్యాంకులో ఉన్నది కూడా పాత స్టాకే కదా, తక్కువకి కొన్నదే కదా? 2020 ఏప్రిల్ 20న అమెరికాలో డబ్ల్యూటీఐ అనే రకం క్రూడ్ ఫ్యూచర్స్ (తర్వాత డెలివరీకి ముందే రేటు కుదుర్చుకునే కాంట్రాక్ట్) బ్యారెల్ మైనస్ 37 డాలర్లకి పోయింది, ఆ రోజు కూడా ఎవరూ ఫ్రీగా పోయలేదుగా. నిజంగా దోచుకుంటున్నారా, లేక నాకే లెక్క అర్థం కావట్లేదా?

లెక్కలపిచ్చి:
బ్రో ఆ మైనస్ రేటు మే డెలివరీ కాంట్రాక్ట్ ఒక్కదానికే, సరుకు దించుకోవడానికి ట్యాంకులు ఖాళీ లేక కొన్నోళ్ళు ఎదురు డబ్బులిచ్చి వదిలించుకున్నారు, బ్రెంట్ అనే ఇంకో రకం క్రూడ్ మైనస్‌లోకి పోలేదు. దాన్ని పట్టుకుని వాదించకు.
అసలు లెక్క చూడు. ఒక బ్యారెల్ అంటే దాదాపు 159 లీటర్లు. బ్యారెల్‌కి 10 డాలర్లు తగ్గితే లీటరుకి తగ్గాల్సింది 6 సెంట్లు, అంతే. పైన ట్యాక్స్ చాలా దేశాల్లో లీటరుకి ఇంత అని ఫిక్స్‌డ్‌గా ఉంటది, క్రూడ్ సగానికి పడినా అది కదలదు. రిఫైనింగ్, రవాణా ఖర్చులు, డాలర్ రేటు కూడా ఉన్నాయి. అందుకే క్రూడ్ సగమైతే పెట్రోల్ సగం అవ్వదు. కానీ ఇదంతా *ఎంత* తగ్గాలి అన్నదానికే జవాబు, *ఎప్పుడు* తగ్గాలి అన్నదానికి కాదు, అక్కడ నువ్వడిగింది కరెక్టే. 1991లోనే రాబర్ట్ బేకన్ అనే ఎకనమిస్ట్ బ్రిటన్ పెట్రోల్ రేట్లు చూసి ఎక్కేటప్పుడు రాకెట్, దిగేటప్పుడు ఈక అన్నాడు.

పంపుఅనుభవం:
నేను పంపులో పనిచేసినోణ్ణి, ఓనర్ వైపు మాట కూడా వినండి. రేటు పెరిగినప్పుడు తర్వాతి లోడుకి కొత్త రేటు కట్టాలి, పాత రేటుకే అమ్మేస్తే ఆ లోడుకి డబ్బులు చాలవు, అందుకని ముందే పెంచుతారు. తగ్గినప్పుడు అదే లాజిక్ వాడితే వెంటనే తగ్గించాలి, కానీ అప్పుడు కొన్న రేటు మాట్లాడతారు 😀 రెండిట్లో ఏది లాభమో అది. దగ్గర్లో ఇంకో పంపు తగ్గిస్తే మాత్రం పాత స్టాక్ మాట ఎవరికీ గుర్తుండదు. ఇంకోటి, రేటు పంపువాడి చేతిలోనే లేని చోట్లు చాలా ఉన్నాయి, కమిషన్ మీద బతికేవాడిని తిట్టి లాభం లేదు.

సైలెంట్‌రీడర్:
మధ్యలో ఒక డౌట్, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు నిజమేనా?

పంపుఅనుభవం:
ట్యాంక్ భూమిలో ఉంటదండీ, పొద్దునకి మధ్యాహ్నానికి వేడి పెద్దగా మారదు. నిద్ర చెడగొట్టుకోకండి.

లెక్కలపిచ్చి:
రూల్స్ పెట్టి ఆపాలని చూసినోళ్ళు ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి రేపటి రేటు ఇవాళే ప్రభుత్వానికి చెప్పాలి, 24 గంటలు మార్చకూడదు, జనం ముందే చూసుకుని ఎక్కడ తక్కువో అక్కడికి పోతారు. ఆస్ట్రియాలో 2011లో ఇంకో రూల్ తెచ్చారు, తగ్గించడం ఎప్పుడైనా తగ్గించుకో, పెంచడం మాత్రం రోజుకి ఒక్కసారే, మధ్యాహ్నం 12కి.

బండోడు77:
ఆస్ట్రియా రూల్ బావుంది అన్నా. మరి పనిచేసిందా?

లెక్కలపిచ్చి:
12 కొట్టగానే ఒక్కసారి గట్టిగా పెంచేసి తర్వాత మెల్లగా దించుకుంటూ వచ్చేవాళ్ళు, అందుకే అక్కడ తెలిసినోళ్ళు 12 లోపే కొట్టించుకునేవాళ్ళు.