విండోస్‌లో రాసిన స్క్రిప్టు ఉబుంటులో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటోంది

ప్రశ్న (కర్నూలు): యార్డు ఉల్లి ధరల సీఎస్‌వీ ఫైళ్లను ఒకచోట చేర్చే బ్యాష్ (లినక్స్ షెల్, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రాం) స్క్రిప్టు ఇది. నోట్‌ప్యాడ్‌లో రాసి, పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 22.04 లినక్స్‌కు తెచ్చినా. నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్: నో సచ్ ఫైల్' అంటోంది. బ్యాష్ ఉంది, నడిపే అనుమతికి సీహెచ్‌మాడ్ కూడా కొట్టినా. ఏందన్నా ఇది?

జవాబు (అనంతపురం): ఎర్రర్ లైను మళ్లా సూడు తమ్ముడూ. బ్యాష్ పేరు పక్కనే టోపీ గుర్తూ, పెద్ద ఎమ్మూ ఉంటాయి. దొంగ అదే. విండోస్ లైను చివర కంటికి కనపడని రెండు క్యారెక్టర్లు పెడుతుంది, వాటి కోడ్ నంబర్లు 13 (సీఆర్), 10 (ఎల్‌ఎఫ్). లినక్స్‌కు 10 ఒక్కటే చాలు. మిగిలిన 13 మొదటి లైన్లో బ్యాష్ పేరుకు అతుక్కుంది. ఆ పేరుతో ప్రోగ్రాం యాడుంటుంది?

ఆ 13లను తీసేసే డాస్‌టుయూనిక్స్ ప్రోగ్రాం వేసుకుని ఫైలు మీద నడిపితే సరి. నెట్ లేకుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు: సెడ్ -ఐ 'ఎస్/\ఆర్$//' ఫైలుపేరు. ఇందులో \ఆర్ అంటే ఆ 13. పోయిందో లేదో క్యాట్ -ఏ (పెద్ద ఏ) చెప్తుంది. లైను చివర డాలర్ ఒక్కటే కనపడాల.

జవాబు (కడప): అన్న చెప్పిన సెడ్ మ్యాక్‌లో పారదు. అక్కడ -ఐ తర్వాత బ్యాకప్ ఫైలు తోక అడుగుతుంది, అది వద్దంటే ఖాళీ కోట్స్ పెట్టాల. పాత మ్యాక్ సెడ్ అయితే \ఆర్‌ను మామూలు ఆర్ అక్షరం అనుకుని లైను చివరి ఆర్‌ను మింగేస్తుంది. రెండుచోట్లా పనిచేసేది: టీఆర్ -డి '\ఆర్' < పాతది > కొత్తది. రెండువైపులా ఒకే పేరు ఇస్తే ఫైలు ఖాళీ. టీఆర్ చదవకముందే షెల్ దాన్ని తుడిచేస్తుంది.

ప్రశ్న (కర్నూలు): స్క్రిప్టు నడిచిందన్నా. కానీ చివరి కాలమ్‌లోని ధర కూడబోతే 'ఇన్‌వాలిడ్ అరిథ్‌మెటిక్ ఆపరేటర్'. మొదటి కాలమ్ హెడ్డింగ్ కూడా సరిపోలడంలా.

జవాబు (అనంతపురం): స్క్రిప్టును కడిగినావు, సీఎస్‌వీని వదిలేసినావు. ధర వెనకాల అదే 13 ఉంది, టీఆర్‌తో తీసెయ్. హెడ్డింగ్ కథ వేరే. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు చేరతాయి. పైథాన్‌తో చదువుతుంటే ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇయ్యి, అవి పోతాయి. విండోస్ పైథాన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరిస్తే 'ఉల్లి' అనే మాట దగ్గర ఎర్రర్ ఇయ్యొచ్చు.

జవాబు (కడప): ఇకమీద వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కింద కుడిపక్కన సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉంటే నొక్కి ఎల్‌ఎఫ్ చేసి సేవ్ చెయ్. గిట్ (ఫైళ్లలో మార్పులను గుర్తుపెట్టే ప్రోగ్రాం) వాడుతుంటే .గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ఒక లైను: *.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్‌ఎఫ్.