మా బంగాళాదుంపకి మూడేళ్లు ('పాప' అనే మాట గురించి ఒక సందేహం)

రాత్రిబడి:
ఆఫీసు పని అయ్యాక వారానికి రెండు రాత్రులు ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. టీచరుది పెరూ. మొన్న ఇంట్లోవాళ్ల గురించి చెప్పమన్నారు. మా అమ్మాయి ఫొటో చూపించి, దానికి మూడేళ్లని చెప్పాలి. ముందురోజు బట్టీ పట్టిన వాక్యమే. తీరా నా వంతు వచ్చేసరికి 'కూతురు'కి స్పానిష్ మాట గుర్తురాలేదు. ఆ టెన్షన్‌లో తెలుగు దూరిపోయింది: "మి పాప తియెనె త్రెస్ అన్యోస్."

ఆవిడ ఫొటో చూశారు, నన్ను చూశారు. "మీ బంగాళాదుంపకి మూడేళ్లా?" అన్నారు. క్లాసులో మిగతా ఐదుగురూ మైకులు ఆపుకుని నవ్వుకున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది.

తర్వాత వివరించారు. మొదటి అక్షరం ఒత్తి 'పాప' అంటే దుంప. చివరి అక్షరం ఒత్తితే నాన్న. దుంప మాటకే ముందు 'లా' బదులు 'ఎల్' పెడితే పోప్ గారు. రెండక్షరాల మాటకి ఇన్ని వేషాలా! నాన్న, పోప్, దుంప, మన పాప, వీళ్లంతా చుట్టాలా, లేక దారిలో కలిసిన బాటసారులా?

అచ్చుతప్పు:
నాన్నకీ పోప్‌కీ చుట్టరికం ఉందండీ. గ్రీకులో పిల్లలు నాన్నని పిలిచే ముద్దు పిలుపు 'పాపాస్'. అదే మతగురువులకి గౌరవ పదమై, లాటిన్‌లో 'పాపా'గా మారి, ఇంగ్లీషులో పోప్ అయింది. దుంప మాత్రం వేరే ఊరిది. ఆండీస్ కొండల్లోని కెచువా భాష మాట అది. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు అక్కడికి వెళ్లాక దుంపతో పాటు పేరూ తీసుకున్నారు. స్పెయిన్‌లో అది చిలగడదుంప పేరు 'బతాత'తో కలగలిసి 'పతాత' అయింది. మీ టీచరుది పెరూ అంటున్నారు కాబట్టి ఆవిడకి దుంప తట్టడంలో వింతేం లేదు.

ఇక మన పాప. ప, బ, మ పలకడానికి పళ్లు అక్కర్లేదు, పెదవులు కలిపి విడిస్తే చాలు. అందుకే పసివాళ్ల నోట ముందుగా వచ్చేవి ఇలాంటివే. సంబంధం లేని భాషల్లో కూడా అమ్మానాన్నల పిలుపులు ఎందుకు ఒకేలా ఉంటాయో చెబుతూ భాషాశాస్త్రవేత్త రోమన్ యాకొబ్‌సన్ రాసిన వ్యాసం 1960లో అచ్చయింది. బిడ్డ ఏదో అంటుంది, పక్కనున్న పెద్దవాళ్లు తమనే పిలిచిందని మురిసిపోతారు. ఎవరు మురిస్తే ఆ మాట వాళ్లది. జార్జియన్ భాషలో 'మామా' అంటే నాన్న, 'దెదా' అంటే అమ్మ! మనవాళ్లు బిడ్డ అన్న మాటని బిడ్డకే పెట్టేశారని నా ఊహ. ఊహే, పందెం కాయను.

మూడోబెంచి:
మరి 'పాపం' కూడా పాప నుంచే వచ్చిందిగా? పసిపాపని చూస్తే జాలేస్తుంది, అందుకే 'అయ్యో పాపం'.

అచ్చుతప్పు:
అతికినట్టే ఉంది గానీ కాదండీ. అది సంస్కృతం 'పాప', అంటే చెడ్డది. దానికి జాలి అర్థం మన వైపు వచ్చి చేరింది. తమిళంలో, మలయాళంలో 'పావం' అన్నా అంతే. హిందీ 'పాప్'లో ఆ జాలి లేదు. ఒకసారి జ్వరంతో ఆఫీసుకి వచ్చిన హిందీ మిత్రుణ్ణి చూసి అప్రయత్నంగా "పాపం" అన్నాను. "నేనేం చేశాను?" అని మొహం ముడుచుకున్నాడు. సాయంత్రం దాకా సర్దిచెబుతూనే ఉన్నాను.

టార్చిలైటు:
రోజూ జనం కళ్లలోకి లైటు వేసి చూసే ఉద్యోగం నాది. అందరూ నా పాపని మర్చిపోయారు. కంటిపాప!

ఎదుటి మనిషి కంట్లోకి బాగా దగ్గరగా చూడండి. నల్లటి గుండ్రంలో బుల్లి మనిషి కనిపిస్తుంది. అది మీరే. మనవాళ్లు దాన్ని పాప అన్నారు. తమిళంలోనూ 'పాప్పా' అంటే పసిబిడ్డా, కంటిపాపా. లాటిన్ 'పూపిల్లా'కి చిన్నపిల్ల అనే అర్థం ఉంది, కంటిపాప అనే అర్థమూ ఉంది. ఇంగ్లీషు 'ప్యూపిల్' అక్కణ్ణుంచే వచ్చింది. గ్రీకు 'కోరే'కీ అవే రెండు అర్థాలు. సంస్కృతం 'కనీనిక' కంటిపాపే, దానికి కన్యతో చుట్టరికం. పైన మీరు చెప్పినవాటిలో శబ్దం ఒకటే, అర్థాలు వేరు. ఇక్కడ శబ్దాలు వేరు, చూసిన చూపు ఒకటే. నాకు దుంప కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఉద్యోగం అలాంటిది మరి.

రాత్రిబడి:
టార్చిలైటు గారూ, మీది చదివి మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూశాను. నిజంగానే కనిపించాను, కళ్లజోడుతో సహా. అది మాత్రం నా ముక్కు పట్టుకుని పీకింది.

నిన్నటి క్లాసులో తప్పు దిద్దుకున్నాను. కూతురిని 'ఇహ' అనాలట, రాసేటప్పుడు వేరేలా ఉంటుంది గానీ పలకడం దాదాపు అంతే. "మి ఇహ తియెనె త్రెస్ అన్యోస్" అని గట్టిగా చెప్పాను. టీచరు మెచ్చుకున్నారు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఇహ చాలు, పదిన్నరైంది, వచ్చి పడుకోండి" అంది.